సెవీల్యా వీధులలో మన నారింజ



పరభాషాపదమును నేర్చుకొనుటకు రెండు మార్గములు గలవు. నిఘంటువును తెరచి యర్థమును కంఠస్థము చేయుట యొకటి. ఆ పదము ఏ నేలమీద పెరిగినదో, ఏ నోటినుండి యే సందర్భమున వెలువడునో చూచి గ్రహించుట రెండవది. మొదటిదానికి నిమిషము చాలును. రెండవదానికి దేశమును చూడవలెను. స్పెయినుదేశపు భాషలో 'నరాంహ' యను పదము గలదు. నిఘంటువు దానికి 'నారింజపండు' అని యర్థము చెప్పి యూరకుండును. ఆ పదముయొక్క పలుకుబడిని తెలిసికొన గోరువారు సెవీల్యా నగరమునకు పోవలెను. మన పెరటిచెట్టు పేరు సముద్రములు దాటి, పరాయి యింట కాపురము చేసి, తుదకు ఆలుమగల నడుమ ముద్దుమాటగా మారిన కథ యచ్చట తెలియవచ్చును.

సెవీల్యాను ఇంగ్లీషువారు సెవిల్ అందురు. స్పెయినునకు దక్షిణభాగమైన అందలూసియా రాష్ట్రమునకు అది ముఖ్యపట్టణము. దాని నడుమ గ్వాదల్కివీర్ నది పారుచున్నది. ఆ నది పేరు అరబ్బీ భాషలోనిది. 'పెద్దయేరు' అని దాని యర్థము. అచ్చటి వేసవి మన రెంటచింతల వేసవిని తలపించును. 40 డిగ్రీలు దాటిన యెండలు వారికి క్రొత్తగావు. అందుచేత పాతపేటలోని వీధులు ఎండ చొరకుండ ఇరుకుగా నుండును. ఇండ్లును మన మండువాయిండ్లవలె నడుమ ముంగిలి విడిచి కట్టినవే. ఆ ముంగిలిని 'పాత్యో' అందురు. అందు పూలకుండీలును, చిన్న నీటిబుగ్గయు, గోడలకు రంగుల పెంకులును ఉండును. గడపలోనికి తొంగిచూచిన తెలుగు స్త్రీకి అది పరాయియిల్లుగా తోచదు.

ఆ వీధుల కిరుప్రక్కలను నారింజచెట్లు వరుసలు తీర్చి నిలిచియున్నవి. నగరమంతట నలుబదివేలకు పైబడి యున్నవందురు. ఆకు రాలని చెట్టు గనుక ఏడాది పొడుగునను నీడ నిచ్చును. చలికాలమున ప్రతికొమ్మయు పండ్లతో నిండి, దీపములు వ్రేలగట్టినట్లు కనబడును. ఇన్ని పండ్లు వీధిలో వ్రేలాడుచుండగా పిల్లలు కోసికొనరేమని మనకు తోచును. కారణము సులభమే. అవి పుల్లనారింజలు, పుల్లన మాత్రమే కాదు, చేదు కూడ. తెలియక ఒలిచి నోట వేసికొన్నవాడు రెండవ తొన జోలికి పోడు. పురపాలకసంఘమువారు ప్రతి శీతకాలమునను ఆ కాయలను లక్షలకొలది కిలోలు కోయింతురు. వానిలో కొంతభాగము ఇంగ్లండునకు చేరి, తొక్కతో సహా చక్కెరపాకమున ఉడికి, 'మార్మలేడు' అను మురబ్బా యగును. మన యిండ్లలో నారింజరసమును పులిహోరకు పిండినట్లే, అందలూసియా సముద్రతీరమున చేపలపులుసునకు ఈ పుల్లరసమును పిండుట కలదు. పులుపునకును చేదునకును వంటింటిలో చోటు గలదని యా గృహిణులకును మనకును సమానముగ తెలియును.

ఆ చెట్టు అచ్చటికి వచ్చిన విధమును తెలిసికొనుటకు నగరమధ్యముననున్న మహాదేవాలయమునకు పోవలెను. క్రైస్తవుల ఆ దేవాలయమును 1401 ప్రాంతమున కట్ట నారంభించి, మరుసటి శతాబ్దమున ముగించిరి. అంతకుముందు ఆ స్థలమున పండ్రెండవ శతాబ్దమున కట్టిన మసీదు ఉండెను. మసీదు పోయినను దాని గోపురమును, కాళ్లు చేతులు కడుగుకొను ముంగిలియు మిగిలినవి. గోపురమునకు పైన గంటలయంతస్తును చేర్చి 'హిరాల్దా' యని పిలుచుచున్నారు. ముంగిలికి నేటికిని 'నారింజచెట్ల ముంగిలి' యనియే పేరు. ఇటుకలు పరచిన నేలలో చెట్టు చెట్టునకు సన్నని కాలువలు తీసియున్నారు. నడుమనున్న తొట్టినుండి నీరు విడిచినచో వరుసగా ఒక్కొక్క పాదునకు అందును. ఆ రాష్ట్రముననే యున్న కోర్దోబా నగరపు ప్రాచీనమైన మసీదు ముందరను ఇటువంటి నారింజల ముంగిలియే గలదు.

ముస్లిములు 711లో స్పెయినున అడుగుపెట్టిరి. వారు తమతో నీటిపారుదల విద్యను, తోటల విద్యను తెచ్చిరి. చేదునారింజచెట్టు ఇంచుమించు పదియవ శతాబ్దమున ఆ నేలమీద వేళ్లూనెను. 1236లో కోర్దోబా, 1248లో సెవీల్యా, 1492లో గ్రనాదా వరుసగా క్రైస్తవరాజుల వశమయ్యెను. 1609 మొదలు 1614 వరకు, మతము మార్చుకొని యక్కడనే యుండిపోయిన ముస్లిము కుటుంబములను గూడ దేశమునుండి వెడలగొట్టిరి. ఆ తల్లులు పిల్లల నెత్తుకొని ఓడ లెక్కిపోయిరి. వారు పాదులు తీసి నీళ్లు పోసిన చెట్టును, ఆ చెట్టు పేరును మాత్రము వెళ్లగొట్టుట యెవరి తరమును గాలేదు. వాడుకలో నిలిచిన మాటకు రాజశాసనము తగులదు.

ఆ పేరు వారిది మాత్రమేనా? అరబ్బులకు అది పారశీకులనుండి వచ్చినది. పారశీకమున 'నారంగ్'. దానికి మూలము సంస్కృతమునందలి 'నారంగ' పదము. సంస్కృతమునకు సైతము ఇది దక్షిణదేశపు ద్రావిడభాషలనుండి పోయినదని భాషాశాస్త్రజ్ఞులలో పలువురి యభిప్రాయము. మలయాళమున 'నారంగ' యను మాట నేటికిని వాడుకలో నున్నది. మన 'నారింజ' యును ఆ కుటుంబములోనిదే. స్పానిషువారి 'అసూకర్' అనగా పంచదార. అదియు మన శర్కర యీ దారినే పోయి మార్చుకొన్న రూపము. ఓడలలో సరకుతోబాటు సరకు పేరును ప్రయాణము చేయుచుండెను; సరకు ఖర్చైపోయినను పేరు మిగిలెను.

దారిలో కొందరు ఆ పేరును కొంత కొరికివేసిరి. ఇటలీ ఫ్రాంసు దేశములలో, 'ఒక' అని యర్థమిచ్చు 'ఉన్' అను పదము ముందు చేరుటచేత, మొదటి నకారము ఆ పదములోనిదే యని భ్రమపడి విడిచిరి. అటులే ఇంగ్లీషువారి 'ఆరెంజి' తల లేని పదమై మిగిలినది. స్పెయినువారు మాత్రము నకారమును పదిలముగ కాపాడిరి.

అట్లయిన 'నరాంజ' యనక 'నరాంహ' యనుట యేల? ఇది యడుగదగిన ప్రశ్నయే. వారి వ్రాతలో నేటికిని అచ్చట ఇంగ్లీషువారి 'జే' అక్షరమే యున్నది. పూర్వము దాని ధ్వని మన జకారమునకు దగ్గరగానే యుండెను. పదునారవ పదునేడవ శతాబ్దములలో ఆ ధ్వని గొంతులోనికి దిగి, ఉత్తర స్పెయినున గీరినట్లు ఖకారముగను, అందలూసియాలో మెత్తని హకారముగను మారెను. ఈ మార్పునకు ముందే, 1492లో, స్పెయినునుండి వెళ్లగొట్టబడిన యూదులు తమ భాషను తురుష్కదేశము మొదలగు చోట్లకు కొనిపోయిరి. వారి యిండ్లలో ఆ ప్రాతధ్వని నిలిచియున్నది. స్పెయినుతల్లి కుమారుని 'ఈహో' యని పిలువగా, యూదుతల్లి 'ఈఝో' యని పిలుచును. కనుక ఐదారువందల యేండ్ల క్రిందట సెవీల్యా సంతలో మన తెలుగుస్త్రీ నిలిచి 'నారింజ' యని యడిగియున్నచో, దుకాణముదారు తడబడక తీసి యిచ్చియుండును.

ఇక వాడుక. స్పానిషుభాషలో ప్రాణము లేని వస్తువులకును స్త్రీపురుషభేద ముండును. పండు 'నరాంహ', అది స్త్రీలింగము. చెట్టు 'నరాంహో', అది పుంలింగము. ఆపిలుపండు 'మంసానా', చెట్టు 'మంసానో'. బాదముపప్పు 'అల్మేంద్రా', చెట్టు 'అల్మేంద్రో'. పెక్కు ఫలముల విషయమున ఇట్లే చెట్టు పురుషుడును పండు స్త్రీయు నగును. అయితే అత్తిచెట్టు వంటి యంజూరము ఈ నియమమును తలక్రిందులు చేసినది: చెట్టు 'ఇగేరా' స్త్రీ, పండు 'ఈగో' పురుషుడు. నారింజతోటను 'నరాంహాల్' అందురు. పండు పేరే రంగునకును చెల్లును; మనమును 'నారింజరంగు' అనుచున్నాము గదా.

పువ్వునకు మాత్రము వేరొక పేరు గలదు: 'అసాహార్'. అరబ్బీలో పుష్పమని యర్థమిచ్చు మాటనుండి యది వచ్చినది. మార్చి యేప్రిలు మాసములలో సెవీల్యా నగరమంతయు ఆ తెల్లనిపూల వాసనతో నిండిపోవును. ఆ దేశపు పెండ్లికూతురు ఆ పూలను తలలో ధరించుట పూర్వాచారము. పూలను బట్టీపట్టి తీసిన నీటిని మనము పన్నీటిని వాడినట్లు వాడుదురు. జనవరి 6వ తేదీన, బాలయేసును చూడవచ్చిన ముగ్గురు రాజుల పండుగకు ఇంటింట తినెడి చుట్టురొట్టెకు ఆ పూలనీరే పరిమళము. మనస్సు కలతపడినవారికి ఆ నీటిని కొంచెము త్రాగించు వాడుకయు పెద్దవారి యిండ్లలో గలదు.

తీపినారింజ స్పెయినునకు చాల యాలస్యముగ, పదునైదు పదునారు శతాబ్దములలో వచ్చెను. పోర్చుగీసువారు దానిని వ్యాపింపజేయుటచేత అరబ్బులు తీపినారింజకు 'బుర్తుఖాల్' అని పోర్చుగలు పేరే పెట్టుకొనిరి. 'నారంజ్' అను మాటను స్పెయినునకు నేర్పినవారే, తీపిపండునకు స్పెయిను పొరుగుదేశపు పేరును తెచ్చుకొనిరి! పండు పుట్టినది చీనాదేశపువైపు గనుక, పోర్టోరికో ద్వీపమున స్పానిషు మాటలాడువారు దానిని 'చీనా' యందురు. వారికి 'నరాంహ' యనగా పుల్లనిది మాత్రమే. మన యనంతపురము కడప ప్రాంతములవారు 'చీనీకాయ' యనుట లేదా? భూగోళమునకు ఆ కొసను వారును, ఈ కొసను మనవారును, ఒకరి నొకరు ఎరుగకయే ఆ పండునకు ఒకే పేరు పెట్టుకొన్నారు. కోస్తావారి 'బత్తాయి' జావాద్వీపపు బటేవియా పట్టణము పేరునుండియు, 'మొసంబి' ఆఫ్రికాలోని మొజాంబిక్కు పేరునుండియు వచ్చినవని చెప్పుదురు. ఒక పండ్లబుట్టలో ఇన్ని దేశములు!

ఈ చీనాపండు ఒక ఛలోక్తికి సైతము ఆస్పదమైనది. నమ్మదగని మాటను ఎవరైన పలికినచో స్పెయినుస్త్రీ 'నరాంహాస్ దె లా చీనా!' యనును. 'చీనాదేశపు నారింజలు' అని దాని శబ్దార్థము. 'చాల్చాల్లే, కోతలు కోయకు' అని భావము. నిఘంటువును మాత్రమే నమ్ముకొన్నవారు ఆమె పండ్లు కొననున్నదని యనుకొందురు.

అన్నింటికంటె మన మాగి యాలోచింపదగిన వాడుక మరియొకటి గలదు: 'మీ మేద్యా నరాంహ'. 'నా అర నారింజ' యని శబ్దార్థము. మనసు మనసు కలిసిన జీవితసహచరుని గాని, సహచరిని గాని ఇట్లు పిలుతురు. నడిమికి కోసిన పండుయొక్క రెండు చెక్కలు ఒకదానికొకటి సరిగా అతుకును గాని, మరియొక పండు చెక్కకు అతుకవు. ఆదిమానవులు గుండ్రముగా నుండిరనియు, దేవత వారిని రెండుగా కోసెననియు, నాటినుండి ప్రతి సగమును తన సగమును వెదకుకొనుచున్నదనియు యవనపండితుడు ప్లేటో తన గ్రంథమున ఒక పాత్రచేత చెప్పించెను. ఈ పలుకుబడికి ఆ కథయే మూలమని పలువు రందురు. గుడిమీది గుండ్రని కప్పును గూడ శిల్పులు 'మేద్యా నరాంహ' యందురు. బోర్లించిన అర నారింజవలె నుండుటయే కారణము.

ఇది వినగానే మనకు 'అర్ధాంగి' జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని యీ రెండు మాటల నడుమ భేదము గలదు. మనలో భార్య భర్తకు అర్ధాంగి. భర్తను భార్యకు 'అర్ధాంగుడు' అని పిలుచు వాడుక లేదు. స్పానిషుమాట వ్యాకరణమున స్త్రీలింగమే యైనను, భార్య భర్తను సైతము 'నా అర నారింజ' యనవచ్చును. పెండ్లియాడిన పురుషుడును సగమే. ఇద్దరిలో ఎవరును అసలు పండు గారు, ఎవరును దాని చెక్క గారు. పిలుపులో ఇంత సమత్వమున్న భాష అరుదు.

పిలుపులో నున్న సమత్వము చట్టములో నుండెనా? 1889 నాటి స్పెయిను పౌరస్మృతి, భర్త భార్యను కాపాడవలెననియు, భార్య భర్తకు లోబడియుండవలెననియు విధించెను. 1931లో క్లారా కాంపోఅమోర్ అను న్యాయవాదిని శాసనసభలో వాదించి స్త్రీలకు వోటుహక్కును సాధించెను. 1933 ఎన్నికలలో స్త్రీలు దేశమంతట వోటు వేసిరి. 1936 మొదలు 1939 వరకు జరిగిన అంతర్యుద్ధమునకు తరువాత ఫ్రాంకో నియంతృత్వమున ఆ వెలుగు ఆరిపోయెను. వివాహితస్త్రీ ఉద్యోగము చేయవలెనన్నను, బ్యాంకులో లెక్క తెరువవలెనన్నను, భర్త యనుమతి కావలసియుండెను. ఆ నిబంధన 1975 మే మాసమున గాని తొలగలేదు. విడాకుల హక్కు మరల 1981లో వచ్చెను. ఇంటిలో 'నా అర నారింజా' యని లాలించిన నోటనే, బ్యాంకుకాగితముపై వ్రాలు చేయుటకు నిరాకరించుటయు సాధ్యమై యుండెను. మనము నవ్వుటకు వీలులేదు. అర్ధాంగి యని కొనియాడబడిన హిందూస్త్రీకి, భర్త పోయినపిమ్మట అతని యాస్తిపై జీవితకాలపు అనుభవమే గాని సంపూర్ణస్వామ్యము 1956 నాటి వారసత్వచట్టము వరకు లేకుండెను. తీయని మాట హక్కు కాదు. రెండును వేరువేరుగ సంపాదింపవలసినవే.

నేటి స్పెయినుయువతులలో పలువురు ఈ పలుకుబడినే ప్రశ్నించుచున్నారు. 'నేను అర నారింజను గాను, పూర్తి నారింజను' అనుచున్నారు. సగమే నని చిన్ననాటినుండి నమ్మిన పిల్ల, రెండవ సగము దొరకువరకు తన బ్రతుకు మొదలు కాలేదని తలచుననియు, దొరకిన సగము తనను బాధించినను విడిచిపోజాలదనియు వారి వాదము. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. పెండ్లికాని కూతురును, భర్త పోయిన తల్లియు మన యిండ్లలోను ఉన్నారు. వారిని సగము మనుష్యులుగ చూచు కన్ను మన సమాజమునను ఇంకను పూర్తిగ మూతపడలేదు.

అయినను ఆ మాటలోని ప్రేమను సెవీల్యా ముదుసలి దంపతులు విడువరు. విడువ నక్కరయు లేదు. నారింజ లోపల తొన తొనకును వేరువేరు పొర గలదు. ఒక తొనను తీసినచో రెండవదాని రసము కారిపోదు. దగ్గరగ నున్నను దేని నిండుదనము దానిదే. దాంపత్యమును నారింజతో పోల్చినవారు కత్తితో కోసిన చెక్కలను చూచిరి. ఈ తొనలనుగూడ చూచిన బాగుండును.

మీలో ఎవరైన ఏనాడైన సెవీల్యా నగరమున అడుగుపెట్టినచో, వీధిచెట్టు కాయను మాత్రము కోసి తినవలదు. అంగడికి పోయి, 'నరాంహాస్, పోర్ ఫవోర్' – నారింజలు, దయచేసి – అని యడుగుడు. ఆ పదమును హకారముతోనే పలుకుడు. మీ నోటిలోని జకారము దానికి పుట్టింటి పిలుపని మీకు తెలిసియుండిన చాలును.